బూడిద దిబ్బ సాక్ష్యము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉప్పుమడుల నడుమ పెరిగిన నౌపడవారికి పదార్థపరీక్షను గురించి చెప్పబూనుట సాహసమే. మడిలోని నీరు ఎప్పుడు పదునుకు వచ్చినదో మీరు చూచి చెప్పగలరు. అట్టి చూపునే పాత దిబ్బలపై నిలిపినచో ఏమి తెలియునో నేడు మనవి చేసెదను.

పూర్వపు మహబూబునగరు జిల్లాలో ఉట్నూరను పల్లె కలదు. ఆదిలాబాదు ఉట్నూరు వేరు. అచటను, రాయలసీమ, బళ్లారి ప్రాంతములందును పెద్ద బూడిద దిబ్బలు కనబడినవి. కొన్నింట బూడిద కరగి గాజుచిట్టెమువలె గట్టిపడినది. రాక్షసుని దహించిన చోటని జనులు చెప్పుకొనిరి. అగ్నిపర్వతపు బూడిద యని కొందరు, కొలిమిచిట్టెమని కొందరు పండితులు తలచిరి. భూగర్భశాస్త్రవేత్త రాబర్టు బ్రూస్ ఫుట్ మాత్రము 19వ శతాబ్దిలోనే అది కాలిన పశువుల పేడ యనెను. పేడ గాజగుటయా!

అగును. 1960లో లండను ఆచార్యుడు జాయ్నర్ బళ్లారి ప్రాంతపు బూడిదను పరీక్షించి ఫుట్ మాటనే బలపరచెను. ఇసుకలో ముఖ్యద్రవ్యమైన సిలికాను గడ్డి భూమినుండి పీల్చుకొనును. పశువు దానిని జీర్ణించుకొనలేదు గనుక అది పేడలో మిగులును. పిడకల బూడిదతో అంట్లు తోమునప్పుడు చేతికి తగులు గరుకుదనమునకు అదియొక కారణము. మంట తీవ్రమైనప్పుడు బూడిదలోని క్షారము సిలికాను కరగించును. గాజు చేయువారును ఇసుకను క్షారముతో కలిపియే కరగింతురు.

1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను త్రవ్వించినప్పుడు కంచె గుంజలు నాటిన గుంతలు, పశువుల గిట్టల జాడలు బయటపడినవి. అది దొడ్డి! అందలి పేడను పలుమార్లు కాల్చిరి. ఎందుకు? సంక్రాంతి, హోళీ మంటలవంటి పండుగలను ఆల్చిన్ తలచెను. ఈ ప్రశ్నకు సూక్ష్మదర్శిని బదులు చెప్పజాలదు.

కాలమును బొగ్గు చెప్పినది. చెట్టు బ్రతికియున్నంతవరకు గాలినుండి కర్బనము-14ను గ్రహించును. కూలిన పిమ్మట గ్రహింపదు. ఉన్నది 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదానిని కొలిచి వయస్సు కట్టుదురు. 1949లో ఈ పద్ధతిని నిరూపించిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమానము లభించినది. ఉట్నూరు దొడ్డి 4,000 ఏండ్లనాటిదని ఇట్లే తేలినది.

ఇక మన జిల్లా. వంశధార ఒడ్డున శాలిహుండము కొండపై బౌద్ధ శిథిలములను 1919లో గుర్తించినవారు పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారు, ఒక భాషాపండితులు. చూడ నేర్చిన కన్నునకు శాస్త్రభేదము లేదు.

నా చిన్ననాట మా ఊరివారు పాటిదిబ్బ మన్ను బండ్లతో పొలములకు తోలిరి. నేనును గంపలు మోసితిని. ఆ మన్ను మంచి ఎరువే. తరతరముల పేడ, ఎముకలు, బూడిద అందులో చేరుటచేత భాస్వరము పుష్కలము. మన్నులోని భాస్వరమును కొలిచి పూర్వపు నివాసములను శాస్త్రజ్ఞులు గుర్తింతురు. అనగా మేము చల్లినది ఆ సాక్ష్యమునే. పెంకులు, బొగ్గుముక్కలు చక్రముల క్రింద నలుగుచుండగా ఎవరును వంగి చూడలేదు. నేనును చూడలేదు.

పొరనుండి విడిపోయిన బొగ్గు తన వయస్సు చెప్పునుగాని ఏ ఇంటిదో చెప్పదు. కావున నూయి త్రవ్వునప్పుడు బూడిద పొర కనబడినచో కదల్పక, ఎన్ని మూరల లోతున ఉన్నదో వ్రాసి పురావస్తుశాఖకు తెలుపుడు. అందులకై ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను. మా పాటిదిబ్బ ఉండిన చోట నేడు చెరకుతోట కలదు. దాని హద్దులు నాకింకను జ్ఞాపకమున్నవి. మొదటి పుటలో అవి నేనే వ్రాసెదను.