వాస్తుశిల్ప పట్టభద్రులు – జీవనోపాధి
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

   

ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొనిన మమ్ము ఈ వేదికపై నిలిపి, విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. విద్య యెంత గొప్పదో చెప్పుట సులభము. అట్టి యుపన్యాసములు మేమును పెక్కు చేసియున్నాము. నేడు మాత్రము విద్య ముగిసిన మరునాటినిగూర్చి చెప్పదలచితిమి. అందును మన కులవృత్తికి మిగుల సన్నిహితమైన వాస్తుశిల్పవిద్యయందు, అనగా బి.ఆర్క్. పరీక్షయందు, కృతార్థులైన మన పిల్లల స్థితిని మీకు విన్నవింతుము. ఇందు మా తప్పిదమొకటి యున్నది. దానిని ముందుగా ఒప్పుకొనినగాని తక్కినది చెప్పుటకు మాకు అర్హత లేదు.

మా చెల్లెలి భర్త తెనాలి ప్రాంతమున వడ్రంగము చేయువారు. వారి కుమారుడు చిన్ననాటినుండి బొమ్మలు వేయుటయందును గణితమునందును నేర్పరి. అతడు 2015వ సంవత్సరమున ఇంటర్మీడియేటు ముగించెను. ఆ యేటనే అక్టోబరు 22వ తేదీన అమరావతికి శంకుస్థాపన జరిగినది. అంతకు ముందునుండియు మా వైపున ఎవరి నోట విన్నను రాజధాని మాటయే. "నగరము లేచునప్పుడు నగరమును గీయువానికి పని యుండదా? బావగారూ, అబ్బాయిని ఆర్కిటెక్టును చేయుడు" అని బోధించినవారము మేము. ఐదేండ్ల చదువునకై బ్యాంకులో ఋణము తీసికొన్నప్పుడు హామీపత్రముపై చేవ్రాలు చేసినవారమును మేమే.

పిదప జరిగినది మీరెరుగుదురు. 2019లో ప్రభుత్వము మారినది. రాజధాని పనులు నిలిచిపోయినవి. 2020 మార్చి 25వ తేదీనుండి మహమ్మారి కారణముగా దేశమంతయు మూతపడినది. కట్టుచున్న గోడలు కట్టుచున్నట్లే నిలిచినవి. మా మేనల్లుని పట్టము చేతికి వచ్చినది ఆ వేసవి యందే. తాను గీసిన పటముల సంపుటిని హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని కార్యాలయములకు పంపి పంపి విసిగిన యేడు మాసములకు ఒకచోట ప్రవేశము దొరకెను. మొదటి మూడు మాసములు జీతము లేదు. నేర్చుకొనుటయే జీతమని చెప్పిరి. అటుపిమ్మట నెలకు 8,000 రూపాయలు. ఉదయము తొమ్మిది మొదలు రాత్రి పది వరకు కంప్యూటరు ముందు కూర్చుండి మరుగుదొడ్ల పలకలు, మెట్ల కొలతలు గీయుట అతని పని. గది అద్దెకే 5,000 పోవుచుండెను.

లెక్కల పంతులు కాకపోయినను మేమును ఈ లెక్క చేసి చూచితిమి. నెలకు ఇరువదియారు పనిదినములైనచో దినమునకు మున్నూరు రూపాయలకు కొంచెము పైన. అదే సమయమున అతని తండ్రి తన కొట్టులో చిత్రిక పట్టు కుర్రవానికి దినమునకు 700 ఇచ్చుచుండెను.

ఒకనాటి రాత్రి వాడు ఫోను చేసి, "మామయ్యా, ఇంటికి వచ్చి నాన్నతో కొట్టులో పనిచేయుదునా?" అని యడిగెను. "ఐదేండ్లు చదివి ఉలి పట్టెదవా? పట్టమునకు మర్యాద యుండవలదా?" అని కసరితిమి. మా మాటను తీసివేయలేక వాడు ఇంకొక సంవత్సరము అక్కడనే యుండెను. ఆ సంవత్సరమంతయు మా చెల్లెలు తన చేతి గాజులు కుదువబెట్టి వానికి అద్దె పంపినదని మాకు తరువాత తెలిసెను. ఇదియే మా తప్పిదము.

మేము చదివిన చదువే తుదకు మాకు బుద్ధి చెప్పినది. మయమతమున శిల్పులు నలుగురుగా చెప్పబడిరి. సర్వము నెరిగి నిర్మాణమును నడుపువాడు స్థపతి. త్రాడును మానదండమును పట్టి కొలుచువాడు సూత్రగ్రాహి. కొయ్యను రాతిని చెక్కువాడు తక్షకుడు. చెక్కినవానిని కూర్చి నిలుపువాడు వర్ధకి. ఈ నలుగురిలో ఎవరు లేకున్నను ఇల్లు లేవదు. ఇక ఆర్కిటెక్టు అను మాటను విచారింతము. అది గ్రీకు భాషనుండి వచ్చినది. దాని మూలార్థము ప్రధానమైన వడ్రంగి యని. అందలి టెక్టోన్ అను పదమును, మన తక్షన్ అను పదమును ఒకే ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వడ్రంగి కొట్టునకు పోవుట పట్టమునకు అవమానమని చెప్పిన మేము ఆ పట్టము పేరునకు అర్థమే యెరుగనివారమైతిమి గదా! అది తెలిసిన వారమునకే రైలెక్కి నగరమునకు పోయి, సిగ్గు విడిచి, వానిని వెంటబెట్టుకొని వచ్చితిమి.

మొదటి యేడు వాడు గుమ్మములు కొలిచెను. కొయ్య యేల వంగునో, ఏ కొయ్య యేమి వెలయో నేర్చెను. తలుపుల కొరకు వచ్చిన యొకాయన తన రెండు సెంట్ల స్థలమున కట్టనున్న యింటి పటమును చూపగా, మెట్లు గాలి వచ్చు వైపున అడ్డముగా నున్నవని కనిపెట్టి, వానిని వేరొక మూలకు జరిపి, వంటగదికి కిటికీ తెచ్చెను. గృహప్రవేశమునాడు ఆ యజమాని మేస్త్రికిని, గుమ్మమెత్తినవారికిని నూతన వస్త్రములిచ్చి సత్కరించెను. పటము గీసినవానిని చూచి, "నీవు మనవాడవే గదా" యని భుజము తట్టెను. కాగితముపై గీతలకు డబ్బేమి యని ఆయన తలంపు. మహాజనులారా! ఈ "మనవాడవే గదా" అను మాట మన సంఘమున ఎందరు పట్టభద్రుల కడుపు కొట్టినదో ఆలోచింపుడు.

ఈ విద్యకు చట్టరక్షణ లేదా యని కొందరడుగుదురు. 1972వ సంవత్సరపు ఆర్కిటెక్టుల చట్టము కలదు. నమోదు చేసికొనినవాడు దక్క మరియెవ్వడును ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకొనరాదు. కాని యా చట్టము ఇతరులు ఆ పనిని చేయుటను నిషేధింపలేదని 2020 మార్చి 17వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అనగా పేరునకు కంచె గలదు, పనికి లేదు. కావున పట్టమును చూపి పని యడుగుట చాలదు. ఇంజనీరును, మేస్త్రియు చూడలేని దానిని చూచి చూపవలయును. మరికొందరు స్థలమైనను చూడక పరుల పటములపై చేవ్రాలు చేసి రూకలు గడింతురు. అట్టి యింటి గోడ బీటవారిననాడు చిక్కుకొనునది చేవ్రాలు చేసిన చేయియే.

దోషీగారి దృష్టాంతమును కార్యాలయములవారు తరచుగా చెప్పుదురు. బాలకృష్ణ దోషీగారు 1951లో పారిస్ నగరమున లె కార్బూజియే కడ ఎనిమిది మాసములు జీతము లేకయే పనిచేసిరి. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానమును పొందిన మొదటి భారతీయులైరి. ఇది సత్యమే. కాని యొక మహానుభావుడు ఉపవాసముండె నని లోకమున కంతకును అన్నము మానిపింపరాదు. మన పిల్లలు అనుసరింపదగిన దృష్టాంతము వేరొకటి కలదు. ఇంగ్లండులో చదివి కేరళమున స్థిరపడిన లారీ బేకరుగారు తాపీపనివారి నడుమ నిలిచి, దగ్గర దొరకు ఇటుకతో, గాలి యాడు జాలీ గోడలతో, స్వల్పవ్యయమున ఇండ్లు కట్టి కీర్తి గాంచిరి. పని జరుగు స్థలమే వారి కార్యాలయము.

2024నుండి అమరావతి పనులు మరల సాగుచున్నవి. 2025 మే 2వ తేదీన పునఃప్రారంభోత్సవమును జరిగినది. అది చూచి మరల పిల్లలను మందగా ఆ చదువునకు తోలుదురేమో యని మాకు భయము. నిర్మాణవ్యాపారమునకు ఆటుపోటులు కలవు. చదువు ఐదేండ్లది. ఆటును చూచి బయలుదేరినవాడు పోటునాటికి ఒడ్డు చేరునో లేదో ఎవరు చెప్పగలరు? గీయుటయందును కట్టుటయందును నిజముగా ఆసక్తి గల పిల్లవానినే పంపుడు. పంపినచో ప్రతి సెలవులలోను ఒక నెల కొట్టులోనో, కట్టుబడి స్థలమునందో నిలుపుడు. పెద్ద నగరపు మేడలు మాత్రమే పని యనుకొనవలదు. ప్రాతదేవాలయముల కొలతలు తీసి పటములు వ్రాయుట, ఆళ్లగడ్డ శిల్పులవంటి వారికి ఆధునిక పరికరములతో తోడుపడుట, 2007లో వెలువడిన ఇంధన పొదుపు నిర్మాణ స్మృతి ననుసరించి భవనములను పరీక్షించుట, ఇవన్నియు పనులే.

ఇక సంఘమునకు మా విన్నపములు మూడు. మనలో ఇల్లు కట్టువారు మన పట్టభద్రునిచే పటము గీయించి, పారితోషికమును ముందే కాగితముపై నిర్ణయించి, అందు మూడవ వంతు పని మొదలిడునాడే ఈయవలయును. కాంట్రాక్టులును కార్యాలయములును నడుపు పోషకులు జీతము లేని శిక్షణను మానవలయును. చిత్రిక పట్టు కుర్రవానికంటె తక్కువ యిచ్చుట మనకు గౌరవము కాదు. సంఘపు విద్యార్థివేతనము పట్టము చేతికందిన దినముననే ఆగిపోవుచున్నది. అటుపిమ్మటి రెండేండ్లకు వడ్డీలేని ఋణముగా దానిని కొనసాగింపవలయును. బిడ్డ మునుగునది నడియేట గాదు, ఒడ్డున కాలు మోపబోవు చోటనే.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారు చెప్పుదురు. ఇతరుల ఇండ్లు కట్టించు మా మేనల్లునికి పెండ్లి చేయబోవగా, జీతమెంత యని యడిగి లేచిపోయిన సంబంధములు నాలుగు. నేడు వాని కొట్టులో ఇద్దరు క్రొత్త పట్టభద్రులు పనిచేయుచున్నారు. నెల మొదటి తేదీనాడు వారి జీతమిచ్చిన పిమ్మటనే వాడు తన భాగము తీసికొనును. వాడు ధనవంతుడు కాలేదు. బ్యాంకు ఋణము గత ఉగాదికి తీరినది. మా చెల్లెలి గాజులలో ఒక జత ఇంటికి వచ్చినది. రెండవది ఇంకను కుదువలోనే యున్నది. దానిని విడిపించు బాధ్యత మాది. తక్కిన తల్లుల గాజులు కుదువకు పోకుండ చూచు బాధ్యతను ఈ మహాసభ వహించుగాక యని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.