కుండీలో మే పువ్వు - శీతకాలపు పోషణ

పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా సంధులు, సమాసములు చెప్పినవాడను. మొక్కలను గూర్చి మాటలాడుటకు నాకేమి అధికారమని మీరడుగవచ్చును. ఒక మంచి మొక్కను చేజేతుల చంపుకొన్నవాడను; నాకున్న అధికార మదియే.

ఇండ్ల వసారాలలో కుండీలలో పెంచు మే పువ్వును మీలో చాలమంది చూచియుందురు. బాటల వెంట ఎఱ్ఱగా పూచు తురాయి చెట్టును గూడ కొందఱు ఈ పేరనే పిలుతురు. నేను చెప్పునది అది కాదు. ఇది దుంప మొక్క. మే నెల రాగానే, వైశాఖపు టెండలలో, ఒట్టి మట్టినుండి ఒక్క కాడ లేచి, దాని కొనను ఎఱ్ఱని బంతి విప్పారును. ఒకే పువ్వుగా దోచు ఆ బంతి నిజమునకు సన్నని చిన్న పువ్వుల గుత్తి. పెద్ద గుత్తిలో ఇన్నూఱు వఱకు పువ్వు లుండును.

అమరకోశములోని వనౌషధివర్గమును బాల్యమున వల్లించితిని. అందు దీని పేరు లేదు. ఉండుటకు వీలును లేదు. దీని పుట్టుక ఆఫ్రికా ఖండమున, అరేబియా దక్షిణభాగమున. 1795లో థామస్ మార్టిన్ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని హీమాంథస్ జాతిలో చేర్చి వర్ణించెను. ఆ గ్రీకు మాటకు నెత్తురు పువ్వని అర్థము. 1838లో రాఫినెస్క్ అను నాతడు దీనిని స్కడాక్సస్ జాతికి మార్చెను. నేటి శాస్త్రగ్రంథములలో నిలిచినది ఆ పేరే. దక్షిణాఫ్రికాకు చెందిన అగపాంథస్ అను నీలిపువ్వు కూడ ఈ కుటుంబములోనిదే. ఇంగ్లండువంటి చలిదేశములలో దానిని కుండీలలో పెంచువారు మంచునకు జడిసి, శీతకాలమున కుండీని లోపల చేర్చి, నీరు బాగుగా తగ్గింతురు. మనకు మంచు భయము లేదు. నీరు తగ్గించు నియమము మాత్రము మన మే పువ్వునకును కలదు. నేను తప్పినది అక్కడనే.

మా యింటి దుంప మా అత్తగారి పెరటిది. పెండ్లియైన మఱుసటి యేడు నా భార్య దానిని తెచ్చి నాటెను. ఇరువదియేండ్లకు పైగా ఏటేట పూచెను. అత్తగారు గతించిన పిమ్మట ఆ కుండీ నా భార్యకు ఎట్టిదో వేరుగ చెప్పనక్కఱలేదు. ఒక యేడు కార్తీకమున మా అమ్మాయి పురుటికై వెళ్ళుచు, "ఏమండీ, కుండీ జాగ్రత్త" అని మాత్రము చెప్పెను. జాగ్రత్త యనగా నీరు పోయుటయే యని నేనెంచితిని. ప్రతిదినము స్నానానంతరము తులసికి పోసిన చెంబుతోనే దీనికిని పోసితిని. ఆకులు పసుపువన్నె తిరిగెను. దాహమని తలచి రెండు చెంబులు పోసితిని. ఆకులు వాలిపోయెను. మాఘమున ఆమె తిరిగి వచ్చి, మట్టిని వ్రేలితో పొడిచి చూచి, దుంపను పైకి తీసెను. అది చేతిలో జావయై జారెను. ఆమె నన్నేమియు ననలేదు. తిట్టినను బాగుండెడిది.

తప్పెట్లు జరిగినదో తరువాత తెలిసికొంటిని. ఈ మొక్క తన జన్మభూమిలో వానలకు పెరిగి, వానలు లేని కాలమున ఆకు రాల్చి నిద్రించును. ఆకు పండునపుడు అందలి సారము దుంపలోనికి దిగును. నిద్రించు దుంప నీటిని కోరదు. కోరని నీరు మట్టిలో నిలువ, గాలి చొరక దుంప కుళ్ళును. పండిన ఆకును చూచి నేను దాహమనుకొన్నది నిద్రకు సన్నాహము.

కుళ్ళిన దుంప ప్రక్కన ఉసిరికాయంత పిల్లదుంప ఒకటి గట్టిగా మిగిలియుండెను. ఆమె దానిని నీడను నాలుగు దినము లారబెట్టి, క్రొత్తమట్టిలో నాటెను. అది పూచుటకు మూడేండ్లు పట్టినది. ఆ మూడేండ్లును నీళ్ళచెంబు నా చేతి కీయలేదు.

ఆమెవద్ద నేర్చినది చెప్పెదను. పది అంగుళముల వెడల్పుగల మట్టికుండీ మేలు. అడుగున రంధ్రముండి, దానిపై పెంకుముక్క బోర్లింపవలెను. ఎఱ్ఱమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. నల్లరేగడి పత్తికి మంచిదే కాని తడిని విడువదు, దీనికి పనికిరాదు. దుంప మెడ మట్టిపైకి కనబడవలెను. ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము నీడ పడుచోట నుంచవలెను.

పువ్వు వాడగానే కుండీని మూలకు త్రోసి, మఱుసటి యేడు పూయలేదని వాపోవువారు కలరు. వానకాలమున పచ్చగా నుండు ఆ ఆకులే దుంపను బలిపించును. అప్పుడు నీరు, నెలకొకసారి పిడికెడు ఎరువు కావలెను. కార్తీకము దాటి ఆకు పండనారంభించినప్పుడు దినము విడిచి దినము, పిదప వారమునకొకసారి నీరు తగ్గించి, ఆకు పూర్తిగా ఎండినంత మానివేయవలెను. అందము చెడినదని పచ్చియాకును కోయరాదు. కుండీని జల్లు కొట్టని చోటికి చేర్చవలెను. కోస్తావారు దీనిని మఱవరాదు. నవంబరు, డిసెంబరులలో తుపాను వచ్చిన ఒక్క రాత్రిలో నా మూడు నెలల తెలివితక్కువ పనియంతయు అది చేయగలదు. ఒట్టి మట్టికుండీ యని పిల్లలు పాఱబోయకుండ మాయింట దానికి సున్నపు బొట్టు పెట్టుదుము.

ఏప్రిలు నడుమనుండి కొలదిగా తడిపి, ఎఱ్ఱని మొన కనబడిన పిమ్మట బాగుగా పోయవచ్చును. ఇరుకుగా నున్ననే ఇది బాగుగా పూయును. మూడు నాలుగేండ్లకొకసారి ఫాల్గుణమున విడదీసిన చాలును. దుంపలో విషమున్నది. ఆఫ్రికాలో కొన్ని తావుల బాణములకు పూయు విషమునకు దీనిని వాడినారు. చూచుటకు ఉల్లిగడ్డవలె నుండును గనుక విడదీసిన దుంపలను వంటింటి దరి ఉంచరాదు; మేకలకును అందనీయరాదు.

మా కుండీలో ఇప్పుడు నాలుగు దుంపలున్నవి. రాబోవు ఫాల్గుణమున ఒకటి విడదీసి మా అమ్మాయికి పంపవలెనని నా భార్య సంకల్పము. దానితో నీటిని గూర్చి ఒక చీటి వ్రాసి ఇమ్మని నన్నడిగినది. వ్రాసితిని, అల్లునిపేర వ్రాసితిని.