వాకిట నిలిచిన బండి

ఇరుగుపొరుగువారి మర్యాద యనగానే మనకు తోడు మజ్జిగ, కరివేపాకు రెబ్బ, అరువు నిచ్చెన మొదలైనవి జ్ఞప్తికి వచ్చును. అడిగినది లేదనకుండ ఇచ్చుట, తెచ్చుకొన్నది మరవకుండ తిరిగి చేర్చుట మన పెద్దలు మనకు నేర్పియే యున్నారు. కాని వారి కాలమున అంతగా అవసరపడని మర్యాద యొకటి నేటి పట్టణములలో అవసరమైనది. అంబులెన్సో, అగ్నిమాపక శకటమో వచ్చి మన గేటు ముందర నిలిచి మన దారిని మూసివేసినపుడు మనము ఎట్లు నడచుకొనవలెను? ఇది కూడ ఒక ప్రశ్నయేనా యని కొందరికి తోచవచ్చును. మాకును అట్లే తోచెడిది. ఒకనాటి తెల్లవారుజామున మా వాకిట అట్టి బండి నిలిచిన తరువాతనే మేము దీనిని గూర్చి ఆలోచించితిమి.

ఆ దినము మొదటి ప్రసారము బాధ్యత మాది. వెలుగు రాకముందే కేంద్రమునకు చేరవలెను. కారు బయటికి తీయబోగా గేటునకు అడ్డముగా 108 బండి నిలిచి యున్నది. పైని దీపము తిరుగుచున్నది, ఇంజను ఆడుచున్నది, కాని తోలువారి స్థానమున ఎవరును లేరు. రెండు నిమిషములు వేచితిమి. పిమ్మట హారను మ్రోగించితిమి. ఎవరును రాలేదు. మరల మ్రోగించితిమి. మూడవసారి మ్రోగించుచుండగా పొరుగింటి మెట్లమీద దీపము వెలిగినది.

ఆ మేడమీద ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు, ఆయన భార్య కాపురముందురు. ఇద్దరు మనుష్యులు మాస్టారును కుర్చీలో కూర్చుండబెట్టి, మెట్టు మెట్టునకు ఆగుచు క్రిందికి దించుచుండిరి. మెట్ల మలుపున స్ట్రెచరు తిరుగలేదట. మాస్టారు కుడిచేయి వ్రేలాడుచున్నది. మూతి ఒక ప్రక్కకు లాగినది. ఆయన మావైపు చూచి ఏమో చెప్పబోయిరి, మాట రాలేదు. కుర్చీని పట్టిన ఆ ఇద్దరిలో ఒకరు బండి తోలువారే. మేము పిలుచుచున్నది ఆయననే.

2005 ఆగస్టు 15న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 108 సేవ మొదలైనది. ఆ బండిలో సాధారణముగా ఇద్దరుందురు. ఒకరు పైలట్టు, అనగా బండి నడుపువారు. రెండవవారు ప్రథమ చికిత్స నేర్చిన టెక్నీషియను. రోగిని మేడమీదినుండి దింపుటకు ఇద్దరి చేతులును కావలెను. కనుక తోలువారి స్థానము ఖాళీగా ఉన్నదనగా ఆయన ఎక్కడనో టీ త్రాగుచున్నారని కాదు, రోగిని మోయుచున్నారని అర్థము. హారను విని ఆయన పరుగెత్తి రావలెనన్నచో ఆ కుర్చీని ఎవరికి అప్పగించి రావలెను?

బండిని కొంచెము ముందుకో వెనుకకో నిలుపరాదా యని మనకు అనిపించును. ఆ బండి తలుపులు వెనుకవైపున తెరచుకొనును. స్ట్రెచరును బయటికి లాగుటకు మనిషి పొడవున చోటు వెనుక ఉండవలెను. రోగి ఇంటి గుమ్మమునకు వీలైనంత దగ్గరగా ఉండవలెను. ఈ రెండును కుదిరిన చోటనే వారు బండి నిలుపుదురు. ఆ చోటు మన గేటు ముందరిదైనచో అది ఎవరి తప్పును కాదు.

ఇక వ్యవధి మాట. మెదడులోని రక్తనాళమునకు గడ్డ అడ్డుపడి వచ్చు పక్షవాతములో ఆ గడ్డను కరగించు మందును సాధారణముగా మొదటి నాలుగున్నర గంటల లోపల ఇయ్యవలెను. అంతలో ఆసుపత్రి గుమ్మము తొక్కిన చాలదు. తలకు స్కాను తీసి, లోపల రక్తస్రావము లేదని నిశ్చయించుకొనిన పిదపనే ఆ మందు ఇత్తురు. గుండె ఆగినవారి వ్యవధి ఇంకను స్వల్పము. ఛాతీ నొక్కుట గాని విద్యుత్తుతో గుండెను తిరిగి కదలించుట గాని జరుగనిచో, గడచిన ప్రతి నిమిషమునకు బ్రదుకు ఆశ నూటికి 7 నుండి 10 వంతుల చొప్పున తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. మన గేటు మూతబడిన పది నిమిషముల విలువ వీథికి ఆవలివైపున ఇట్లుండును.

అగ్నిమాపక శకటము సంగతి కొంత వేరు. పెద్ద శకటము వెడల్పు దాదాపు 8 అడుగులు. మన కాలనీలలో 20 అడుగుల వీథులు అనేకము. అట్టి వీథిలో ఇరువైపుల ఒక్కొక్క కారు నిలిచినచో మిగులునది సుమారు ఆ 8 అడుగులే. కనుక శకటము వచ్చిన తరువాత చూపు మర్యాదకంటె, రాకముందు రాత్రి మన కారును లోపల పెట్టుకొను మర్యాద మేలైనది. శకటము వచ్చి గొట్టములు పరచిన పిదప, ఎంత తొందర యున్నను వాటిమీదుగా బండి నడుపరాదు. నీరు నిండిన గొట్టము చక్రము క్రింద చిట్లవచ్చును. చిట్లకున్నను నీటి ధార తగ్గును. ఆ గొట్టము రెండవ కొసను పట్టుకొని మంటకు ఎదురుగా ఒక మనిషి నిలిచి యుండునని మనము మరువరాదు.

రోడ్డుమీద ఇట్టి వాహనములకు దారి ఇయ్యనివారికి శిక్ష యున్నది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినపుడు చేర్చిన 194-ఇ సెక్షను ప్రకారము ఆరు నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కాని మన గేటు ముందర బండి నిలిచినపుడు హారను మ్రోగింపక, విసుగుకొనక, ఓర్పుతో నుండుమని ఏ సెక్షనును చెప్పదు. అది మన సంస్కారమునకే విడువబడినది.

అట్లయిన మనము చేయదగిన దేమి? మొదట మన పనికి వేరు దారి చూచుకొనవలెను. వీథి చివరకు నడచిపోయి ఆటో ఎక్కవచ్చును. ఆలస్యమగునని కార్యాలయమునకు ఫోను చేయవచ్చును. మన ఇంటిలోనే ఎవరికైన ప్రాణముమీదికి వచ్చినచో సంకోచింపరాదు. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేసి వేరొక బండిని పిలువవలెను. ముందర నిలిచిన బండివారికిని ఆ సంగతి ఒక్క మాటలో తెలుపవలెను.

అటుపిమ్మట చేతనైన సాయము చేయవచ్చును. చీకటి మెట్లకు దీపము పట్టవచ్చును, లిఫ్టు తలుపు ఆపి యుంచవచ్చును, కుక్కను కట్టివేయవచ్చును. మన గేటు తెరచి ఉంచినచో, ఇరుకు వీథిలో ఆ బండి వెనుదిరుగుటకు మన వాకిలియే చోటు కావచ్చును. ఇంటివారందరు ఆసుపత్రికి పరుగెత్తునపుడు పొయ్యిమీద పాలు మరచిపోవుదురు, తలుపునకు తాళము మరచిపోవుదురు, నిద్రించు పిల్లవానిని ఎవరికి అప్పగింపవలెనో తెలియక తబ్బిబ్బగుదురు. వీటిని చూచుకొనుటకే గదా పొరుగువారుండుట. బండి చుట్టును మూగి “ఏమైనదండీ” యని అడుగుట, సెల్‌ఫోనుతో బొమ్మ తీయుట మాత్రము తగదు. బాధలో నున్న మనిషికి తన ముఖమును చాటు చేసికొను శక్తి కూడ ఉండదు.

మా కథలో ప్రసారము నిలిచిపోలేదు. రాత్రి విధులలో నుండిన మిత్రునకు ఫోను చేయగా ఆయన మా స్థానమున కూర్చుండి వేళకు మొదలుపెట్టెను. ఆ ఫోను మేము హారనుకు ముందే చేసి యుండవచ్చును. వారము తరువాత మాస్టారు భార్య మెట్లవద్ద మమ్ము చూచి, “మొన్న మా మూలాన మీకు ఆలస్యమైందట బాబూ, ఏమీ అనుకోకండి” అన్నది. క్షమాపణ చెప్పవలసినవారము మేము. ఆ తల్లి తాను ముందు చెప్పినది. అప్పటికి గాని మేము నోరు తెరచి మా తప్పు ఒప్పుకొనలేకపోతిమి. ఆమె విని, మంచినీళ్ల గ్లాసు ఆయన చేజారిన చప్పుడునకు తాను మేల్కొన్న సంగతి, అందువలన డాక్టర్లకు సరియైన వేళ చెప్పగలిగిన సంగతి మాత్రము చెప్పినది. హారను మాట ఎత్తలేదు.

మాస్టారు ఇల్లు చేరిరి. కుడిచేయి ఇంకను పూర్తిగా స్వాధీనము కాలేదు. మాట కొంత కొంతగా తిరిగి వచ్చుచున్నది. వాక్కే వృత్తిగా గల మాకు, మాటకై వెదకుకొను మనిషి ఎదుట కూర్చుండుట మొదట కష్టమైనది. ఇప్పుడు ఆదివారములు సాయంకాలము పోయి కొంతసేపు కూర్చుండుచున్నాము. ఆయన ప్రతి ఉదయము మా ప్రసారము విందురు. మొన్న మమ్ము దగ్గరకు పిలిచి, ఒక్కొక్క మాటను కూడదీసికొనుచు, మేము వార్తలలో శకారమును షకారముగా పలికితిమని చెప్పిరి. చెప్పుటకు ఆయనకు చాలసేపు పట్టినది. మేము తొందరపెట్టలేదు.