తరతరముల దృష్టి



మన యిండ్లలో శుభకార్యములు సంకల్పముతో నారంభమగును. శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగము అని మొదలిడి, సంవత్సర మాస తిథుల వఱకు దిగివచ్చి, పిమ్మట చేయదలచిన పనిని చెప్పుదుము. కల్పమనగా 432 కోట్ల సంవత్సరములు. కలియుగమనగా 4,32,000 సంవత్సరములు. అందు గడచినవి 5,100 పైచిలుకు మాత్రమే. ఇంతటి కాలము నెదుట నుంచుకొని నేటి పనిని నిర్ణయింపుమనుటయే దీని భావమని నాకు తోచుచున్నది.

ఇందులకు నిదర్శనము మన కడప సీమలోనే కలదు. పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించి, క్రీ.శ. 1369లో శాసనము వేయించెను. దినమునకు 1,000 మంది కూలీలును, రాళ్లు తోలుటకు 100 బండ్లును ఉండగా పని రెండేండ్లు పట్టెనని అందు గలదు. అంతియే కాదు, మంచి చెఱువునకు వలయు 12 అంగములును, విడువదగిన 6 దోషములును అందు చెక్కబడినవి. కట్ట నుండి నీరు ఊరుట, చవిటి నేల, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట మున్నగునవి దోషములు. తన చెఱువు ముగిసిన పిమ్మట నతనికి ఆ లెక్కతో పని యేమి? అది ముందు తరములవారి కొఱకు. సప్తసంతానములలో పుత్రుని సరసను తటాకమును పెద్దలు లెక్కించుట యుక్తమే.

అయితే కట్టినవాడొక్కడు, 650 ఏండ్లుగా కట్టకు మన్ను వేసి కాపాడినవారు ఇరువది తరములవారు. వారి పేర్లు మన మెఱుగము. చెఱువు నిలిచినది వారి వలననే.

1876-78 నాటి ధాత కఱవులో కర్నూలు సీమ పడిన బాధ తెలిసిన మనము, నేడు పూడికలు తీయక బోరు మీద బోరు వేయుచున్నాము. భూమిలోని నీరు పూర్వపు వానల నిలువ. ఇంకినదాని కంటె నెక్కువ తోడినచో బిడ్డల వంతును మనమే వాడుకొన్నట్లగును.

సంఘధనమునకును ఇదియే న్యాయము. ఊరేగింపునకు, విందునకు వ్యయించినది మూడు దినములలో తీరును. మూలధనము కదలింపక, వడ్డితో విద్యార్థి వసతిగృహమును నడపినచో నేడు పుట్టని పిల్లలును చదువుకొందురు. విందు వలదని నా మాట కాదు. దాని పాలు దానికుండనిండు. కాని గోడ మీద పేరు చెక్కించుకొను దాతలు దొరకుదురు. ఇరువదియేండ్లకు కారు పైకప్పును బాగుచేయించు దాతలు దొరకరు.

కావున పోషకులకు నాదొక మనవి. మీరిచ్చు ప్రతి విరాళములో నాలుగవ వంతును మరమ్మతుల నిధిగా ప్రత్యేకింపుడు. దానికి పేరు పలక యుండదు. పోరుమామిళ్ల కట్టకు మన్ను మోసినవారికిని లేదు.