తుపాకి ఆటలు – సత్యాసత్యములు

(చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల విద్యార్థులును వారి తలిదండ్రులును కూడిన సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



ఈ దినమున నేను మాటాడదలచిన విషయము పెద్దలకు కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. పిల్లలు ఫోనులలోను కంప్యూటరులలోను ఆడుకొను తుపాకి ఆటలకు సభ యెందుకని వారందురు. బీజాపురము బాటలో మఱ్ఱిచెట్ల నీడను కూర్చున్న మన యువకుల నొకసారి చూడుడు. ఉగ్రవాదులను పట్టుకొను దళములో తామొకరై ఆడు ఆటలు వారిలో పెక్కండ్రకు పాఠ్యపుస్తకములకన్న చేరువయైనవి. శౌర్యమన నేమి, న్యాయమన నేమి యని ఒక తరమువారు దేనిని జూచి నేర్చుకొనుచున్నారో దానిని పరీక్షింపకుండుట దేశమునకు శ్రేయము గాదు.

ఈ ఆటలను గూర్చి యువకులు పట్టుపట్టు నియమములు రెండు. కథలోని రహస్యమును ముందుగా చెప్పరాదనునది మొదటిది. దీనినే వారు స్పాయిలరు అందురు. ఆట నిజమువలె నుండవలెననునది రెండవది. రెండును విచారింపదగినవే.

కథ ముందే తెలిసిన రుచి పోవునా? మన ఒగ్గుకథకు, హరికథకు వచ్చువారిలో కథ తెలియనివారు లేరు. అయినను తెల్లవారువరకు కదలరు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరువురు చిన్న కథలతో పరీక్షించి, ముగింపు ముందే చెప్పినను పాఠకుల యానందము తగ్గలేదని ప్రకటించిరి. కాని ఆట వేఱు. అచట తలుపు తీయువాడు ఆడువాడే. తలుపు వెనుక నున్నవాడు శత్రువో, బందీయో తెలియకుండుటయే ఆ యాటకు ప్రాణము. దానిని బయటపెట్టువాడు స్నేహితుని ఆటను పాడుచేయువాడు. ఈ విషయమున యువకుల పక్షమే న్యాయము.

అయినను రహస్యము వేఱు, హెచ్చరిక వేఱు. 2009లో వెలువడిన మోడరన్ వార్‌ఫేర్ 2 అను ఆటలో ఒక ఘట్టము గలదు. ఆడువాడు గూఢచారియై ఉగ్రవాదులలో చేరి, విమానాశ్రయమున నిరాయుధులైన ప్రజలపై జరుగు కాల్పులలో పాల్గొనును. ఆ దృశ్యము ఆట విడుదలకు ముందే బయటపడి పెద్ద వివాదమైనది. కలత పెట్టు ఘట్టమొకటి కలదు, వలదనువారు దాటిపోవచ్చునని ఆటయే మొదట హెచ్చరించును. రష్యాలో ఆ ఘట్టమును తొలగించిరి. జర్మనీ, జపానులలో పౌరులను కాల్చిన ఆట ఓడునట్లు మార్చిరి. ఘట్టాంతమున ఏమి జరుగునో నేను చెప్పను. ఆడదలచినవారి హక్కును నేనెందుకు హరింపవలెను? కాని పిల్లవాడు దేనిలో అడుగిడుచున్నాడో తలిదండ్రులు ముందు తెలిసికొనుట స్పాయిలరు గాదు. అది వారి విధి.

ఇక నిజమునుగూర్చి. 1998లో వచ్చిన రెయిన్‌బో సిక్స్ ఆటలో భవనపు పటము ముందు పెట్టుకొని, ఎవరు ఏ ద్వారమున చొరబడవలెనో నిర్ణయించి, పిమ్మటనే కదలవలెను. ఒక్క గుండుతో మనిషి కూలును. కౌంటర్ స్ట్రైకులో బందీని చంపినవానికి సొమ్ము కోత. 2005 నాటి స్వాట్ 4 ఇంకను ముందుకు బోయినది. అందు ఆయుధము దించుమని ముందు కేక వేయవలెను. లొంగినవానికి బేడీలు వేయవలెను. అక్రమముగా కాల్చినవానికి మార్కులు తగ్గును. మన దేశమున 2021 గణతంత్ర దినమున వెలువడిన ఫౌజీ ఆటను గూడ చూడుడు. గల్వాను లోయ కథలో తుపాకులు లేవని కొందఱు యువకులు పెదవి విరిచిరి. 2020 జూను 15న గల్వానులో మన సైనికులు 20 మంది ప్రాణములర్పించిన పోరాటమున తుపాకులు ప్రేలలేదు. అనగా వారు కొఱత యనుకొన్నదే సత్యము!

నేటి ఆటలలో తుపాకి మ్రోత నిజము, గోడపై గుండు దెబ్బ నిజము. అబద్ధమంతయు ఒక్కచోటనే యున్నది: ఎదుటివాడు దోషి యని ఆటకు ముందే తెలిసియుండుట. హైదరాబాదునకు ఆ భాగ్యము లేకపోయినది. 2007 మే 18న మక్కామసీదులో బాంబు ప్రేలినది. అనుమానముతో పట్టుబడిన నగర యువకులు పెక్కండ్రు తరువాత నిర్దోషులుగా విడువబడిరి. విచారణకు నిలిచిన వేఱు అయిదుగురును 2018 ఏప్రిలులో విడుదలైరి. ఆ యేడే, 2007 ఆగస్టు 25న, లుంబినీ పార్కులోను గోకుల్ చాటులోను 40 మందికి పైగా హతులైరి. ఆ వ్యాజ్యమున శిక్షలు పడుటకు 11 ఏండ్లు పట్టినది. ఆట పావుగంటలో ముగియును; న్యాయము ముగియదు. ఈ యాలస్యము మన వ్యవస్థకు కళంకమని న్యాయవాదిగా నేనే చెప్పుచున్నాను. కాని ఆలస్యమునకు మందు తొందరపాటు గాదు.

మొయినాబాదు మండలములోని పెద్దమంగళారము మన కొండా వెంకట రంగారెడ్డిగారి జన్మస్థలము. న్యాయవాదియైన ఆ మహనీయుడు 1936లో షాదునగరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. ఆ షాదునగరు చేరువనే చటాన్‌పల్లి యొద్ద 2019 డిసెంబరు 6న, ఘోరమైన అత్యాచార హత్య నేరమున పట్టుబడిన నలుగురు పోలీసుల కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీము కోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘము, చంపు ఉద్దేశముతోనే కాల్చిరని 2022లో వెల్లడియైన నివేదికలో తేల్చి, పదిమంది పోలీసు అధికారులను విచారింపవలెనని సూచించెను. ఆ దినమున మన జిల్లాలో జరిగినదేమి? విచారణ యను కథ మొదలుకాకముందే ముగింపు ప్రకటించితిమి. ఆట ముగింపు చెప్పిన స్నేహితునిపై మండిపడు యువకుడు, మనుష్యుల ప్రాణములకు సంబంధించిన ముగింపును మాత్రము సంతోషముతో వినెను. దీనికన్న వింత గలదా?

2014లో సుప్రీము కోర్టు, ఎదురుకాల్పులలో మరణము సంభవించినచో నేర నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ జరుగవలెననియు, వెంటనే పదోన్నతులు, శౌర్య పురస్కారములు ఇయ్యరాదనియు శాసించెను. ఆటలో గుండు తగిలిన మఱుక్షణమే పతకము వచ్చును. సత్యమునకును ఆటకును గల దూరము సరిగా ఇదియే. మన గండిపేట చేరువను మంచిరేవులలో నెలవుగల గ్రేహౌండ్స్ వంటి దళములవారును ఈ శాసనమునకు లోబడినవారే.

ఆటలను నిషేధింపుడని నేను చెప్పను. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించిరి. ఆడువారు వేఱు ఆటలు వెదకుకొనిరి. నేను కోరునది వేఱు. హైదరాబాదులో ఆటలు నిర్మించు నేర్పు గల యువకులున్నారు. చిలుకూరు బాలాజీకి అమెరికా వీసా కొఱకు ప్రదక్షిణములు చేయువారిలోను వారుందురు. వెళ్లువారు వెళ్లుడు, కాని యెచటనున్నను, లొంగినవానిని కాల్చిన ఓడునట్టి ఆటను, అనుమానితుడు నిర్దోషి యగుటకు తావున్న ఆటను మన భాషలో నిర్మింపుడు. జెండా గుర్తు పెట్టినంతమాత్రమున ఆట స్వదేశి కాదు. మన రాజ్యాంగము అందు పలికినప్పుడే అది స్వదేశి.

తలిదండ్రులారా, పిల్లవాడు ఆడునప్పుడు ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్న వేయుడు: "నాయనా, వీడు దోషి యని నీకెట్లు తెలిసినది?" యువకులారా, ఆ ప్రశ్నకు ఆటలోనే గాక, రేపు వార్త చదువునప్పుడు గూడ జవాబు వెదకుడు.