అమ్మమ్మ ఇంటి గోడకి సిమెంట్ పూయించాను, తర్వాత ఏమైందంటే

ఈ రోజు గోడ గురించి మాట్లాడుకుందాం. నా వెనకాల చూడండి, నాలుగడుగుల ఎత్తు వరకు ప్లాస్టరింగ్ ఊడగొట్టేసి ఎర్ర ఇటుక బయటపడి ఉంది. ఇది కోనసీమలో మా అమ్మమ్మ ఇల్లు. మా ముత్తాత ఇటుక, సున్నంతో కట్టించాడు. గోడ మందం 18 అంగుళాలు. ఈ ఊడగొట్టిన ప్లాస్టరింగ్ చేయించిన మహానుభావుడు ఎవరో కాదు, నేనే.

జాబ్‌లో చేరిన రెండో ఏడు బోనస్ వచ్చింది. అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. గోడల మీద సున్నం పెచ్చులుగా రాలుతోంది, సరే బాగు చేయిద్దాం అనుకున్నా. పాత సున్నం గీకించి సిమెంట్ ప్లాస్టరింగ్, దాని మీద పుట్టీ, దాని మీద నీళ్ళు పీల్చని ఖరీదైన పెయింట్. కింద కాంక్రీటు పోసి టైల్స్. మొత్తం 1,80,000 అయింది. మొదటి వర్షాకాలం ఏమీ తెలియలేదు. రెండో వర్షాకాలంలో టైల్స్ పైన గోడకి బుడగలు వచ్చాయి. మూడో ఏడు వచ్చేసరికి, ఇంతకు ముందు మోకాలి దాకా ఉండే చెమ్మ నడుము దాకా ఎక్కింది. అమ్మమ్మ మంచాన్ని గోడకి దూరంగా జరుపుకుంది. ఫోన్లో అడిగితే "ఏం లేదురా, ఇక్కడైతే గాలి బాగా తగులుద్ది" అంది. సంక్రాంతికి వచ్చి బీరువా జరిపి చూస్తే వెనకంతా నల్లగా బూజు. ఆవిడకి రాత్రంతా దగ్గు. అది కూడా నాకు చెప్పలేదు.

ఎందుకిలా అయిందో చెప్తాను. ఈ పాత ఇళ్ళ పునాదిలో, ఇప్పుడు మనం వేసే చెమ్మ ఆపే పొర ఉండదు. నేలలో నీళ్ళని ఇటుక పీల్చుకుంటుంది, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు. మరి ఇన్నేళ్ళు ఇల్లెలా నిలబడింది? సున్నం వల్ల. సున్నం పూతలోంచి ఆవిరి బయటికి పోతుంది. కింద నుంచి ఎక్కిన నీళ్ళు కొంచెం ఎక్కగానే గోడ మొహం మీంచి ఆరిపోయేవి. నేనేం చేశాను? లోపలి వైపు ఆ దారి మూసేశాను. నేల మీద కాంక్రీటు, టైల్స్ వేసి అటు కూడా మూసేశాను. ఇక నీళ్ళకి మిగిలిన దారి పైకే. పైగా ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది. సిమెంట్ పూత వెనకాల నీళ్ళు ఆరినప్పుడల్లా ఉప్పు గట్టిపడి ఉబ్బుతుంది. సిమెంట్ గట్టిది కాబట్టి త్వరగా ఊడదు, దాని వెనకున్న మెత్తని పాత ఇటుక పొడి అవుతుంది. ఊడగొట్టినప్పుడు ప్లాస్టరింగ్‌తో పాటు ఇటుక మొహం కూడా బిళ్ళలు బిళ్ళలుగా వచ్చేసింది. బగ్ అలాగే ఉంచి స్క్రీన్ కలర్ మార్చడం అంటే ఇదే.

సిమెంట్ చెడ్డదని కాదు. మీది పిల్లర్లు, స్లాబుతో కట్టిన ఇల్లయితే ఈ వీడియో మీ గోడలకి కాదు. మీది ఏ రకమో తెలియకపోతే, ఒక మూల ఇటుకల మధ్య సందులో తాళంచెవితో గీకండి. తెల్లగా, పొడిపొడిగా రాలి, మధ్యలో తెల్లటి సున్నం పలుకులు కనిపిస్తే సున్నం కట్టుబడి. బూడిద రంగులో ఉండి తాళంచెవికి లొంగకపోతే సిమెంట్.

ఇప్పుడు అసలు పని. పూత సంగతి తర్వాత, ముందు నీళ్ళెక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. ఒక పలకంత అల్యూమినియం ఫాయిల్ ముక్క తీసుకుని, నాలుగు అంచులూ టేపుతో గోడకి బిగించండి. రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ వెనక చెమ్మ ఉంటే గోడలోంచి వస్తోంది. ముందు వైపు చుక్కలు పడితే గదిలో గాలి చెమ్మ, అంటే వంట ఆవిరి, ఆరేసిన బట్టలు. నాకు వెనకాలే వచ్చింది.

తర్వాత బయటికెళ్ళి ఇంటి చుట్టూ తిరగండి, వాన పడుతున్నప్పుడైతే ఇంకా మంచిది. మా అమ్మమ్మ చిన్నప్పుడు వీధిలోంచి అరుగు ఎక్కాలంటే మూడు మెట్లుండేవట. ఇప్పుడు ఒకటే ఉంది. అరుగేం కుంగలేదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి వీధి ఎత్తు పెరిగింది. వాన పడితే వీధి నీళ్ళు మా గోడ మొదట్లో నిలుస్తున్నాయి. పెరట్లో కూడా మట్టి పోసీ పోసీ పునాది రాయి పూడిపోయింది. ఇంకోటి, చూరు కింద పెట్టిన రేకు గొట్టం ఒకచోట విరిగి నీళ్ళు సరిగ్గా బీరువా వెనక గోడ మీదే పడుతున్నాయి. అది బాగు చేయడానికి 600 రూపాయలు. మూడేళ్ళు ఎవరూ తలెత్తి చూడలేదు!

పెరటి మట్టి అడుగు లోతు తీయించి, గోడకి దూరంగా వాలు పెట్టించాను. వీధి వైపు గోడ పక్కన సన్నని కాలువ తీసి కంకర నింపి, నీళ్ళు పక్క డ్రెయిన్‌లోకి పోయేలా చేశాం. పునాది కంటే లోతుగా మాత్రం తవ్వకండి, గోడే జారుతుంది. గోడకి రంధ్రాలు చేసి కెమికల్ ఎక్కిస్తాం అని వస్తారు. ఈ మట్టి, కాలువ పని అయ్యాక ఆరు నెలలు చూసి అప్పుడు ఆలోచించండి. నేనైతే చేయించలేదు.

సున్నం పనికి మేస్త్రి దొరకడం పెద్ద కష్టం. ముగ్గురు "ఎందుకు బాబూ ఈ రోజుల్లో, సిమెంట్ కొట్టేద్దాం" అన్నారు. చివరికి గుడి ప్రాకారం పనిచేసిన ఒక పెద్దాయన దొరికాడు. ఆయన సున్నాన్ని డ్రమ్ములో నీళ్ళలో వేసి మూడు వారాలు నానబెట్టాడు. ఇక్కడ సీరియస్‌గా వినండి. పచ్చి సున్నం నీళ్ళలో పడితే కుతకుతా ఉడుకుతుంది. ఇనప డ్రమ్ము వాడాలి, ముందు నీళ్ళు పోసి అందులో కొంచెం కొంచెంగా సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు కుమ్మరించకూడదు. కళ్ళజోడు, గ్లౌజులు తప్పనిసరి. కంట్లో పడితే ఆగకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

నానిన సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఏటి ఇసుక మూడు పాళ్ళు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుని మళ్ళీ మనమే ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. చెమ్మ ఎక్కువున్న చోట ఇటుక పొడి, అదే సుర్కీ, కొంత కలిపాడాయన, తడిలో కూడా గట్టిపడుతుందని. ఇటుకల మధ్య సందులు కాస్త లోతుగా గీకి, కడిగి, తడిపి నింపడం మొదటి పని. తర్వాత పలచగా రెండు పూతలు, మధ్యలో కొన్ని రోజులు గ్యాప్. ఎండ తగలకుండా తడి గోనెలు వేలాడదీయాలి, త్వరగా ఆరితే పగుళ్ళే. పైన పెయింట్ వద్దు, నాలుగు పలచని చేతుల సున్నం చాలు. ముట్టుకుంటే కొంచెం అంటుకుంటుంది, ఆ మాత్రం భరించాలి.

ఒక్క మాట, తొందరపడకండి. తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల అని మోటు లెక్క. 18 అంగుళాలంటే ఏడాదిన్నర. అందుకే ఈ గది గోడ ఇంకా ఇలా వదిలేశాను, ముందు గది వరకే పూత అయింది.

ఇక వేడి. ఇన్సులేషన్ అనగానే మనకి దొరికే ఇంగ్లిష్ వీడియోల్లో గోడ లోపలి వైపు ఫోమ్ షీట్లు అతికిస్తారు. అది చలి దేశం వాళ్ళ లెక్క. అక్కడ కూడా పాత ఇటుకైతే జాగ్రత్తగా చేస్తారు, లోపలి వేడి అందక ఇటుక తడిగానే ఉండి, ఆ నీళ్ళు గడ్డకట్టి పగులుతుందని. మన చెమ్మ గోడకి ఫోమ్ అతికిస్తే నేను చేసిన తప్పే ఇంకో రూపంలో చేసినట్టు. ఇంత మందం గోడలోంచి మధ్యాహ్నం ఎండ లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. మనల్ని ఉడికించేది పైకప్పు.

మాది పెంకుటిల్లు. వాసాలకి కింద, పెంకులకి తగలకుండా నాలుగంగుళాల ఖాళీ వదిలి, మెరిసే వైపు పెంకుల వైపుండేలా ఫాయిల్ షీటు కట్టించాం. ఆ ఖాళీలో గాలి ఆడేలా చూరు దగ్గర, కొప్పు దగ్గర తెరిచి ఉంచాం. ముందు వాసాలు, దూలాల కొసలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే చెక్క పాడైనట్టే. అప్పుడు షీటు సంగతి పక్కన పెట్టి వడ్రంగిని పిలవండి. స్లాబు లేదా పాత మద్రాస్ టెర్రస్ ఉన్నవాళ్ళు పగుళ్ళు పూడ్చుకుని తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ప్రత్యేకంగా పాలసీయే తెచ్చింది. మద్రాస్ టెర్రస్ మీద మళ్ళీ కాంక్రీటు పోయించకండి, కింద టేకు దూలాలు ఆ బరువు కోసం పెట్టినవి కాదు. పాత గోడ మీద స్లాబు వేద్దాం, గోడ పగలగొట్టి పెద్ద కిటికీ పెడదాం అనుకుంటే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి. నా బీటెక్ కూడా అక్కడ పనికిరాదు, నాది సీఎస్ఈ.

ముందు గదిలో చెమ్మ మోకాలి కిందికి దిగింది. అమ్మమ్మ మంచం ఇప్పుడు అక్కడికి మారింది. టైల్స్ మాత్రం తీయనివ్వడం లేదు, "తుడుచుకోడానికి బాగున్నాయిరా, ఉండనీ" అంటోంది. గోడ చుట్టూ ఒక జానెడు వరస టైల్స్ తీసి కాంక్రీటు కొట్టించి, కంకర వేయడానికి ఒప్పించాను, ప్రస్తుతానికి అంతే.

ఇదిగో, ఈ పెన్సిల్ గీత చూడండి. ప్రతి నెలా చెమ్మ ఎక్కడిదాకా ఉందో గీసి పక్కన తారీఖు వేసి ఫోటో తీస్తున్నా. ఇప్పుడు కాలవలు కట్టేశారు కాబట్టి కిందికి కనిపిస్తోంది, దాన్ని నేను నమ్మను. నీళ్ళు వదిలి, చేలు నిండి, రెండు వానలు పడ్డాక ఈ గీత ఎక్కడుంటుందో అప్పుడు ఇదే గోడ ముందు నిలబడి చూపిస్తాను.