బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయడం: ల్యాప్‌టాప్ మార్చే ముందు ఇది చూడండి

ఈరోజు టాపిక్ చిన్నదే. మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేయకపోయుంటే అసలు ఈ వీడియో వచ్చేది కాదు.

వాడు గుంటూరులో బీటెక్ సెకండ్ ఇయర్. "అన్నయ్యా, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ ఓపెన్ అవ్వట్లేదు. షాపులో చూపిస్తే ప్రాసెసర్ పాతది, ల్యాప్‌టాప్ మార్చెయ్ అన్నారు. నాన్నని ఎలా అడగాలో తెలీట్లేదు" అన్నాడు. బాబాయ్ ఆ ల్యాప్‌టాప్ కొన్నదే చీటీ పాడి. "ఒరేయ్, స్క్రీన్ మీద ఏం రాసుందో చదువు" అన్నా. చదివాడు: బయాస్‌లో వీటీ-ఎక్స్ డిజేబుల్డ్ అని. చూడండి, లేదు అనట్లేదు. ఆపేసి ఉంది అంటోంది.

ఇది ప్రాసెసర్‌లోనే ఉండే ఫీచర్. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో తెచ్చాయి. మీ ల్యాప్‌టాప్ ఒక ఇల్లు అనుకుంటే, ఎమ్యులేటర్ గానీ వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ గానీ అద్దెకొచ్చినవాళ్లు. ఇది ఆన్‌లో ఉంటే వాళ్లకి వేరే పోర్షన్, వేరే గుమ్మం. ఆఫ్‌లో ఉంటే ప్రతిదానికీ ఓనర్ హాల్లోంచే తిరగాలి. వర్చువల్‌బాక్స్ అయితే 6.1 వెర్షన్ నుంచి ఇది లేకుండా పనే చేయదు.

ముందు చెక్ చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. కింద చిన్న అక్షరాల్లో 'వర్చువలైజేషన్' అని ఉంటుంది. ఎనేబుల్డ్ అని ఉంటే బయాస్ జోలికి వెళ్లొద్దు, వీడియో ఇక్కడే ఆపేయండి. నాకు వాచ్ టైమ్ తగ్గినా పర్లేదు.

డిజేబుల్డ్ అని ఉందా? అయినా ఇప్పుడే రీస్టార్ట్ కొట్టకండి. నేను మొదటి ఉద్యోగంలో అదే తప్పు చేశా. రాత్రి పదకొండింటికి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయాస్ మార్చేశా. తిరిగి ఆన్ అయ్యేసరికి నీలం స్క్రీన్, బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమంటోంది. 48 అంకెలు! నా దగ్గర లేదు. పొద్దున్నే డెమో, కోడ్ అంతా లోపలే. ఐటీ టీమ్ వచ్చేదాకా ఆ స్క్రీన్ చూస్తూ కూర్చున్నా. బయాస్ మారిస్తే ప్రతి ల్యాప్‌టాపూ అడగదు గానీ, అడిగితే మాత్రం కీ లేకుండా డేటా రాదు. పర్సనల్ ల్యాప్‌టాప్ అయితే ఆ కీ చాలామందికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లో ఓపెన్ చేసి, కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. ఎఫ్2 నా, ఎఫ్10 నా అని కీబోర్డు మీద తబలా వాయించక్కర్లేదు. లోపల పేరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఇంటెల్ అయితే 'ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ' లేదా వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే 'ఎస్‌వీఎం మోడ్'. అడ్వాన్స్‌డ్‌లోనో, కాన్ఫిగరేషన్‌లోనో, సెక్యూరిటీలోనో దొరుకుతుంది. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. పక్కన సెక్యూర్ బూట్ లాంటివి కనిపిస్తాయి, వాటిని ముట్టుకోవద్దు.

మావాడు వీడియో కాల్‌లో ఫోన్ స్క్రీన్‌కి ఆనించి చూపిస్తుంటే, సెక్యూరిటీ మెనూలో కనపడింది. పది నిమిషాల పని. ఎమ్యులేటర్ వచ్చింది. ర్యామ్ 8 జీబీయే కాబట్టి క్రోమ్ మూసి వాడుకోమన్నా. బాబాయ్‌కి నేనే ఫోన్ చేసి, ల్యాప్‌టాప్ బానే ఉందని చెప్పా.

మీకు ఆప్షన్ కనపడకపోతే మోడల్ నంబర్ కామెంట్‌లో పెట్టండి, చూస్తా. ఉంటా మరి.